తమ్ముడి ముఖం లేని నాణెం

నా దగ్గర పాత రోమన్ కంచు నాణెం ఒకటి ఉంది. కడపలో పాత నాణేలమ్మే ఆయన దగ్గర ఇష్టపడి కొన్నాను. దాని మీద అన్నదమ్ములిద్దరు ఎదురెదురుగా ఉండాలి. అన్న ముఖం ఉంది. తమ్ముడి ముఖం ఉండాల్సిన చోట ఉలితో చెక్కిన గుంట ఉంది.

ప్రైవేటు కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి కాబట్టి ఆ కథ నాకు తెలుసు. ఇద్దరూ కలిసి రాజ్యమేలారు. చెయ్యీ చెయ్యీ కలుపుకున్నట్టు నాణేలు వేయించి, మాలో మాకు ఏ గొడవా లేదని ఊరూరా చాటారు. తర్వాత అన్న తమ్ముణ్ణి చంపించి, వాడి బొమ్మ ఎక్కడున్నా చెరిపేయమన్నాడు. నిజంగా కలిసున్నవాళ్లకు ఆ సంగతి నాణెం మీద కొట్టించుకునే పనేముంటుంది?

మా కమలాపురంలో అంత ఘోరం జరగలేదు. మా నాయన పెద్ద రైతు, ముందుచూపున్న మనిషి. "ఎవరు గెలిచినా మన గడపకు భయముండకూడదురా. పెద్దోడు ఆ పార్టీలో ఉండనీ, నువ్వు ఈ పార్టీలో ఉండు" అన్నాడు. మా వైపు చాలా ఇళ్లలో ఉన్న ఏర్పాటే. రెండు పడవల మీద ఒకడే కాళ్లు పెడితే మునుగుతాడు, ఇద్దరు చెరొకటి ఎక్కితే ఇల్లు గట్టెక్కుతుందని ఆయన లెక్క. పగలు చెరొక జెండా పట్టుకుని తిరిగినా, ఇంటికొచ్చి పక్కపక్కనే కూర్చుని సంగటి తినేవాళ్లం. నాయన పోయాక ఆ నాటకమే నిజమైపోయింది. ఒక ఎన్నికల్లో మాటా మాటా పెరిగి అన్న నాతో మాట్లాడటం మానేశాడు. నాకు పెళ్లాం పిల్లలు లేరు. అన్న తప్ప నాకెవరూ లేరని అప్పుడు తెలిసింది.

మొన్న అన్న కూతురి పెండ్లి. నా భుజాలెక్కి ఆడిన పిల్ల. పిలుపొస్తుందని చొక్కా ఇస్త్రీ చేయించి పెట్టుకున్నాను. రాలేదు.

"ఏం సార్, ఇంట్లో పెండ్లి పెట్టుకొని ఈడ కూచోనుండారే?" అన్నాడు టీకొట్టు ఆయన.

"ఎండ శానా ఉండాది. సాయంత్రం పోతాలేప్పా" అన్నాను.

ఎదురుగా పెండ్లి ఫ్లెక్సీ కట్టి ఉంది. నాయకులు, బంధువులు, చనిపోయిన నాయనతో సహా అందరూ ఉన్నారు. నేను లేను. అన్న ఫోటో మాత్రం ఎక్కడో చూసినట్టనిపించి దగ్గరికెళ్లాను. మేమిద్దరం కలిసి దిగిన పాత ఫోటో అది. నన్ను కత్తిరించేశారు. అన్న భుజం మీద నా చెయ్యి మాత్రం, నాయన ఇచ్చిన రాగి ఉంగరంతో సహా అట్లే ఉంది.

ఫ్లెక్సీ వేసినవాళ్లు చూసుకోలేదో, అన్నే ఉండనిమ్మన్నాడో నాకు తెలీదు. పోయి అడగలేను. దాన్ని విప్పేవరకు రోజూ టీకి అక్కడికే పోయి, ఎదురుగా కూర్చున్నాను.