గోరు నొక్కి చూసిన డాక్టరు

కరోనాకు ముందటి సంవత్సరం, వరికోతల కాలం. మిర్యాలగూడలో ఒక ఎముకల దవాఖానలో నేను కట్లు కట్టేవాణ్ణి. ఈ పని ఏ కాలేజీలోనూ చదవలేదు, పక్కన నిలబడి చూసి నేర్చుకున్నాను. డాక్టర్ యాదగిరి గారు, నేను ఒకే ఏడు అక్కడ చేరాం. రోజూ పొద్దున్నే ఆయన నా బొటనవేలి గోరు నొక్కి, "రక్తం మంచిగనే తిరుగుతుంది సత్తెన్నా, ఇయ్యాల కూడా నన్ను సతాయిస్తవ్" అనేవారు. గోరు నొక్కితే తెల్లబడాలి, వదిలితే వెంటనే ఎర్రబడాలి. మా పనిలో దాన్ని క్యాపిలరీ రీఫిల్ అంటారు.

ఆ రోజు పెన్‌పహాడ్ నుంచి ఒక హమాలీని తల్లి ఆటోలో తెచ్చింది. లారీ మీది నుంచి పడి ముంజేయి విరిగితే, ఊళ్లో వెదురుబద్దలు పెట్టి బిగించి కట్టారు. వేళ్లు ఉబ్బి చల్లబడ్డాయి. సార్ గోరు నొక్కి వదిలారు. తెల్లగానే ఉండిపోయింది. ఇంకా ఆలస్యమైతే చెయ్యి తీసేయాల్సిందే.

తల్లి అడ్డం పడింది. "కట్టు ఇప్పితే చెయ్యి వంకరైతదని కట్టినాయన చెప్పిండు. బస్తా ఎట్ల మోస్తడు? నా పానం పోయినా ఇప్పనియ్య."

"చెయ్యే లేకుంటే ఏం మోస్తడమ్మా?" అని అరిచాను.

"నువ్వాగు సత్తెన్నా, నీ గొంతుకే ఆమె బీపీ పెరుగుతది" అంటూ సార్ ఆమె పక్కన నేలమీద కూర్చున్నారు. "అవ్వా, బద్దలు తియ్యం. గుడ్డ ఒక్కటే పొడుగునా కోస్తం. చెయ్యి కదలకుంట బద్దలు నువ్వే పట్టుకో."

"నేనే పట్టుకోవాల్నా?"

"నీకంటే గట్టిగ ఎవరు పట్టుకుంటరు?"

ఆమె పట్టుకుంది. చర్మం కనబడేదాకా గుడ్డను కోశాను. కాసేపటికి గోరు కింద ఎరుపు తిరిగింది. తల్లి తాను కూడా ఒకసారి నొక్కి చూసి, "వచ్చింది సారూ" అని ఏడ్చింది.

మా దవాఖాన మేనేజరుది కోదాడ. "ఒక్క కేసుకి ఇంతసేపు బేరమేంటండీ, బయట జనం ఉన్నారు" అని విసుక్కున్నాడు. మొన్న సూర్యాపేటలో సార్ సంతాపసభలో మైకు పట్టుకుని ఆయన ఓర్పును పొగిడింది ఆ మనిషే. నేను సభలోంచి లేచి వచ్చేశాను.

ఆ సభకు కొద్దిరోజుల ముందే సార్ గుండె ఆగి చనిపోయారు. ఫ్రీజర్ పెట్టెలో పెట్టకముందే నేను వాళ్లింటికి చేరాను. ఆయన బొటనవేలి గోరు నొక్కి వదిలాను. రంగు తిరగదని నాకు తెలుసు. అయినా చూస్తూ నిలబడ్డాను.

భయపడిన మనిషి మీద అరవకూడదని, పట్టుకోవడానికి చేతికి ఏదైనా ఇవ్వాలని ఆ కేసు నాకు నేర్పింది. ఆ తల్లికి సార్ బద్దలు ఇచ్చారు. నాకు మాత్రం ఏమీ ఇవ్వకుండా పోయారు.