ఆదోని బస్సు టైరు పేలినప్పుడు

టైపు నేర్చుకుంటున్న రోజుల్లో, ఆదోనిలో పాత యుద్ధం సినిమా మ్యాట్నీ చూసి, మా వదినతో కలిసి ఎమ్మిగనూరు బస్సెక్కాను. శత్రువుల గడ్డ మీద చిక్కుకున్న సిపాయిల కథ అది. దాని గురించే మాట్లాడుకుంటుంటే, పక్క సీటులోని నెరిసిన మీసాల మనిషి అడిగాడు.

“అందురూ వాపసొచ్చినారామ్మా?”

“లేదన్నా, ఒక్కడే వచ్చినాడు.”

“ఊ. అంతే,” అని తల దించుకున్నాడు.

కాసేపటికి బస్సు టైరు పేలింది. ఆ చప్పుడుకు అతను ఒక్క ఉదుటున వచ్చి, నన్ను సీట్ల మధ్యకు లాగి, నోరు గట్టిగా మూశాడు.

“సద్దు చేయొద్దు. ఆళ్లు ఈడనే ఉండారు,” అని గుసగుసలాడాడు.

నాకు ఊపిరాడలేదు. చచ్చిపోతాననుకున్నాను. అతను నా నోటి మీద చెయ్యి తీయకుండానే, కిటికీ వైపు తన వీపు అడ్డం పెట్టి నా మీదకు వంగాడు.

వదిన కేకలు పెట్టింది. జనం అతన్ని ఈడ్చి కొట్టబోయారు.

“కొట్టొద్దండన్నా! ఆయప్ప నన్ను కాపాడాలని చూసినాడు!” అని అరిచాను. అంత భయంలో ఆ మాట ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

టైరు మార్చేదాకా అతను దూరంగా పత్తి చేను గట్టు మీద నిలబడ్డాడు. బస్సు బయలుదేరుతుంటే కండక్టరు అతన్ని పిలిచాడు.

“మీరు ముందు పోండప్పా. నేను ఎనక చూసుకుంటా,” అన్నాడతను.

బస్సు కదిలింది. తిరిగి చూస్తే, అతను మేము వచ్చిన దారి వైపు ముఖం పెట్టి, కాపలా ఉన్నట్టు నిలబడి ఉన్నాడు.