ఎండకు జరిగిన గొడుగు

నిజామాబాదులోనే కొత్త ఇంట్లోకి మారి నెల దాటినా, నేను సందు తప్పి పక్క వీధిలోకి పోతూనే ఉన్నాను. మా అమ్మాయి భయపడి మొన్న ఖలీల్‌వాడిలో డాక్టరుకు చూపించింది. ఆయన తల సంగతి వదిలేసి నిద్ర సంగతి అడిగాడు. కొత్తగా నడిచిన దారులు మనం నిద్రపోయాకే మెదడులో కుదురుకుంటాయనీ, కునుకు లేకపోతే చెదిరిపోతాయనీ, దానికి వయసూ దిగులూ తోడవుతాయనీ చెప్పాడు. మాత్రలు అంటగట్టడానికే ఈ పీఠిక అనుకున్నాను, నా బుద్ధే అంత. తీరా ఆయన ఒక్క మాత్రా రాయలేదు. ఇదే మాట ఒకప్పుడు మా బావ నోట విన్నానని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

బోధన్ వైపు ఊళ్లలో, చక్కెర ఫ్యాక్టరీ తరఫున చెరుకు కొట్టే ముఠాలకు ఏ రోజు ఏ తోటో చూపించే ఉద్యోగం నాకు ఇప్పించింది మా అక్కను చేసుకున్న ఆ బావే. తలకు మించి పెరిగిన చెరుకులో దారులన్నీ ఒక్కలాగే ఉండేవి. పొద్దున్నంతా నన్ను వాటి వెంట తిప్పి, సద్ది తిన్నాక కాలువ గట్టున పడుకోమనేవాడు. "పండుకో బామ్మర్ది, పండుకుంటెనే తొవ్వ తలకాయల కూసుంటది" అనేవాడు. పని నేర్చుకునేవాణ్ని పట్టపగలు పడుకోమనే పెద్దమనిషిని మీరెక్కడైనా చూశారా? నేను గుర్రు పెట్టగానే తన తమ్ముణ్ని పిలిచి దారులు చూపిస్తున్నాడనీ, నా ఉద్యోగం అతనికి కట్టబెడతాడనీ నాకు గట్టి అనుమానం.

అందుకే వారం రోజులు నిద్ర నటిస్తూ ఓరకంట కాపలా కాశాను. ఆ దిగులుతో రాత్రిళ్లూ కన్ను మూతపడలేదు. తమ్ముడు రానే లేదు. బావ మాత్రం నీడ జరిగినప్పుడల్లా లేచి, నా ముఖం మీద ఎండ పడకుండా గొడుగు జరుపుతూ కూర్చున్నాడు. ఇంత ప్రేమ ఎందుకబ్బా అని దాన్నీ అనుమానించాను.

ఆ మరుసటి వారం ముఠాను మొదటిసారి ఒంటరిగా తీసుకుపోయి, దారి తప్పి, పక్క రైతు లేత చెరుకును కొట్టించాను. రైతు లబోదిబోమంటూ వచ్చాడు, ఫ్యాక్టరీ పెద్దలు నన్ను పనిలోంచి తీసేస్తామన్నారు. అప్పుడు బావ ముందుకొచ్చి, "నేనే తప్పు జెప్పిన సారూ, పిలగాన్ని ఏమనకుండ్రి" అన్నాడు. ఆయన్ని పొలాల నుంచి తప్పించి గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. దారెలా తప్పావని బావ నన్ను ఒక్క మాటా అడగలేదు. ఆయన పోయేదాకా నేనూ చెప్పలేదు. ఆ సిగ్గు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు అక్కడంతా వరి; గట్టున నిలబడితే ఆ చివరిదాకా కనిపిస్తుంది, దారి తప్పుదామన్నా చోటు లేదు. మధ్యాహ్నం కాసేపు పడుకోమని మా అమ్మాయి పోరుతుంటే కళ్లు మూసుకుంటున్నాను. పాత అలవాటు కొద్దీ ఓరకంట చూస్తాను. కిటికీలోంచి ఎండ మెల్లగా నా ముఖం మీదికి వస్తుంది, గొడుగు జరపడానికి లేచే మనిషి లేడు.