ఒంటిగంటా ఇరవైకి పెట్టిన సంతకం

మా వైపు విమానాల మెకానిక్కు అంటే జనానికి రెండే అనుమానాలు. వీడు విమానం నడుపుతాడేమో అన్నది ఒకటి, నడపడం రాక ఇందులో చేరాడేమో అన్నది రెండోది. వన్ టౌన్‌లో మాకు చీరల హోల్‌సేల్ కొట్టుంది. సరుకు తెచ్చే మగ్గాల వాళ్లు నన్ను గల్లా దగ్గర చూసినప్పుడల్లా, మీ అబ్బాయి ఇంకా చదువుతూనే ఉన్నాడా అండీ అని మా అమ్మను అడిగేవారు. అడగడంలో తప్పు లేదు. ముప్పై ఎనిమిదేళ్లు వచ్చేదాకా నేను పరీక్షలు రాస్తూనే ఉన్నాను.

విమానానికి పని చెయ్యడం వేరు, చేసిన పని సరిగ్గా ఉందని సంతకం పెట్టడం వేరు. మొదటిదానికి చేతులుంటే చాలు. రెండోదానికి లైసెన్సు కావాలి, ఆ పైన కంపెనీ ఇచ్చే ముద్ర కావాలి. బొటనవేలంత రబ్బరు ముద్ర, మధ్యలో ఒక నంబరు. పదిహేనేళ్లు నేను బోల్టులు బిగిస్తే, నాకంటే చిన్నవాళ్లు వచ్చి చూసి వాటికి ముద్రలు కొట్టి వెళ్లారు. ఒక్క ఎలక్ట్రికల్ పేపరే నన్ను నాలుగుసార్లు తన్నింది. ఐదోసారి పాసయ్యానంటే, దిద్దేవాళ్లకి నా పేరు కంఠతా వచ్చేసి ఉంటుందని అమ్మ అంది.

ముద్ర చేతికొచ్చిన మర్నాడే అమ్మ దాన్ని చీర కొంగులో ముడేసుకుని కొండెక్కింది. అమ్మవారి పాదాల దగ్గర పెట్టించి, నంబరు సందుల్లో కుంకుమ కూరించి తెచ్చింది. పాత టూత్‌బ్రష్‌తో అరగంట తోమాను. తోముతున్నంతసేపూ మూఢనమ్మకాల గురించి ఆవిడకి లెక్చరిచ్చాను. మా విమానాల షెడ్డులో నేనొక పేరున్న హేతువాదిని లెండి. మధ్యాహ్నం టీ దగ్గర ముహూర్తాలను చీల్చి చెండాడేవాణ్ని. నా ఫోన్‌లో పంచాంగం ఉందని ఎవరికీ చెప్పలేదు, అంతే.

మొదటి సంతకానికి నాకు దొరికిన పని ఇంధనం ట్యాంకులో వైర్ల తనిఖీ. చాలామందికి తెలీదు గానీ, విమానంలో ఇంధనం రెక్కల్లోనే ఉంటుంది. ఎంత మిగిలిందో పైలట్‌కి చెప్పడానికి దాని మధ్యలోంచే సన్నటి వైర్లు పోతాయి. ఎక్కడో కొన్ని విమానాల్లో ఆ వైర్లు క్లిప్పుల దగ్గర రాసుకుని పైతొడుగు అరిగిపోయిందట. దాంతో ఈ రకం విమానాలన్నిటికీ ట్యాంకులు విప్పి, వైరు అంగుళం అంగుళం చూడాలని ప్రభుత్వం ఆర్డరు వేసింది. ఫలానా గడువు లోపల చూసి సంతకం పెట్టకపోతే ఆ విమానం నేల మీదే. ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ లోపల ఆవిరి నిండుతుంది, ఆ ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఇంతకంటే వివరంగా చెబితే మీరు ఈసారి హైదరాబాదు బస్సులో వెళ్తారు.

ఊరి బయట, విమానాశ్రయం పక్కన మా కంపెనీ షెడ్డు. అక్కడ రెండు రోజులు ట్యాంకులు ఖాళీ చేసి, బ్లోయర్లతో గాలి పట్టించి, ఆవిరి పోయిందో లేదో మీటరు పెట్టి చూసి, మూడోరోజు గురువారం నన్ను లోపలికి వెళ్లమన్నారు. ఎడమ రెక్క నాది. విమానం మర్నాడు ఉదయం ప్రయాణికుల్ని ఎక్కించుకోవాలి.

ఆ గురువారం పొద్దున భవానీపురంలో మా ఇంట్లో పెసరట్టు వడ్డిస్తూ అమ్మ ఒకటే మాట చెప్పింది. గురువారం ఒంటిగంటన్నర నుంచి మూడింటిదాకా రాహుకాలం కాబట్టి, మొదటి సంతకం అది మొదలయ్యేలోపే పెట్టెయ్యమంది. నేను నవ్వాను. ముప్పై వేల అడుగుల ఎత్తున రాహువు ఏ సీట్లో కూర్చుంటాడని వెటకారం చేశాను. బస్సెక్కాక ఫోన్ తీసి, ఆవిడ చెప్పిన టైం కరెక్టా కాదా అని చూసుకున్నాను. కరెక్టే.

ట్యాంకులోకి వెళ్లాలంటే ఒంటి మీద నూలు బట్ట తప్ప ఏదీ ఉండకూడదు. వాచీ, ఫోను, బెల్టు, తాళాలు అన్నీ బయటే. రెక్క కింద వరసగా ఎనిమిది కోడిగుడ్డు ఆకారం కంతలు, ఒక్కో కంత వెనక ఒక్కో అర. తలా భుజాలూ దూరతాయి. నడుం దూరడం ఆ నడుం పెసరట్లతో ఎలా మసలుకుందో దాన్నిబట్టి ఉంటుంది. నాది మసలుకోలేదు. కంత దగ్గర ఒక మనిషి తప్పకుండా నిలబడాలని రూలు. నాకు కాపలా ఉన్నాయన నాకంటే పెద్దవాడు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ఏళ్ల తరబడి కాంట్రాక్టు పని చేసి, బాయిలర్లలో దూరి దూరి విసుగెత్తి మా దగ్గర చేరాడు. రెండు నిమిషాలకోసారి "ఉన్నారా అండీ?" అని అడిగేవాడు. ఉన్నానండీ అని నేననాలి. అనకపోతే కాళ్లు పట్టుకుని లాగేస్తాడు. అదీ రూలే.

చేతిలో ప్రత్యేకమైన టార్చి, పళ్ల డాక్టరు దగ్గర ఉండేలాంటి కాడ ఉన్న చిన్న అద్దం. వైరు వెనక వైపు కంటికి కనపడదు కాబట్టి అద్దంలో చూడాలి. ఏడు అరలు నిజంగానే ఒళ్లు దగ్గర పెట్టుకుని చూశాను, ఆ ఒక్క ముక్క నమ్మండి. మధ్యమధ్యలో టైమెంతండీ అని అడుగుతుంటే, ఆకలేస్తోందా అండీ అని ఆయన జాలిపడ్డాడు. భోజనం వేళవుతోంది కదండీ అన్నాను. రాహువు గురించి చెప్పుకుంటే పరువుండదు కదా.

ఎనిమిదోది రెక్క చివర ఉంది. అన్నిటికంటే ఇరుకు. తలకాయా, ఒక చెయ్యీ మాత్రమే పడతాయి. చెయ్యి పెట్టి, అద్దం లోపల అంచు మీద ఆనించి, మళ్లీ టైం అడిగాను. ఒంటిగంటా పదిహేనండీ అన్నాడు. ఆ అర చూడాలంటే తక్కువలో తక్కువ అరగంట. బయటికి వచ్చేశాను.

అప్పుడు నా బుర్రలో నడిచిన వాదన ఎంత నున్నగా ఉందో ఇప్పుడు తలుచుకుంటే ముచ్చటేస్తుంది. ఏడూ బాగున్నాయి, ఎనిమిదోదానికి మాత్రం ఏం రోగం? ఎలాగూ చూస్తాను కదా. సంతకం కాస్త ముందూ, చూడ్డం కాస్త వెనకా, అంతే తేడా. తనిఖీ కార్డు మీద అరకొకటి చొప్పున ఎనిమిది వరసలున్నాయి. ఎనిమిదింటికీ లోపమేమీ కనబడలేదని రాసి, సంతకాలు పెట్టి, ముద్ర కొట్టాను. టైం వెయ్యమని ఆ కార్డు ఎవర్నీ అడగదు. నేనే చివర్లో 1.20 అని గుండ్రంగా, మా అమ్మ కళ్లజోడు లేకుండా చదువుకునేంత పెద్దగా వేశాను.

తర్వాత భోజనం. కొత్త ముద్ర వచ్చిన సందర్భంగా నేను తెచ్చిన బందరు లడ్డూలు అందరికీ పంచాను. అందరూ చెయ్యి కలిపారు. ఒకాయన ఇక మీరు మాకు సంతకాలు పెట్టాలండీ అంటే, పెడదాం పెడదాం అని ఉదారంగా అన్నాను. ఎనిమిదో అర సంగతి మర్చిపోయానని అనను. దాన్ని ఓ పక్కన పెట్టాను. పక్కన పెట్టినదాని మీద లడ్డూల పెట్టె పెట్టాను.

నేను తిరిగొచ్చేసరికి రెండు దాటింది. ఇబ్రహీంపట్నం ఆయన కార్డు చూసి, ఎనిమిదింటికీ ముద్ర ఉంది కాబట్టి, కంతలకి మూతలు బిగించేస్తున్నాడు. ఆయన చేసింది న్యాయమే. నేనేమన్నా వద్దన్నానా అంటే, అనలేదు. నిలబడి చూస్తున్నాను. చివరి మూత పెట్టబోయే ముందు ఆయన సామాను లెక్కపెట్టుకున్నాడు. అద్దం తక్కువైంది. ఎనిమిదో దాంట్లో పెట్టానని గుర్తొచ్చి, తీసుకొస్తానని దూరాను.

అద్దం అందుకుని వెనక్కి లాగుతుంటే అది చేతిలో కాస్త తిరిగింది. టార్చి వెలుగు దాంట్లో పడింది. వైరును పట్టుకున్న క్లిప్పు లోపలి రబ్బరు జారిపోయి ఉంది. ఇనప అంచు తిన్నగా వైరు మీద కూర్చుంది. అక్కడ తొడుగు తెల్లగా అరిగి, మధ్యలో గోరు మొనంత చోట రాగి మెరుస్తోంది.

భయమేసింది. విమానం గురించనుకునేరు, ముందు నా గురించే. పదిహేనేళ్ల పరీక్షలు, వాడటం మొదలుపెట్టి ఒక్క పూట కూడా కాని ముద్ర, కింద కార్డు మీద నా చేత్తో రాసిన అబద్ధం. క్లిప్పు మార్చేసి వైరుకి కొత్త తొడుగు వేసేస్తే ఇరవై నిమిషాల పని, ఎవరికీ తెలీదు అని కూడా అనిపించింది. అలా వైరుని చూస్తూ ఉండిపోయాను. ఉన్నారా అండీ అని బయటి నుంచి ఒకసారి వినపడింది. రెండోసారి కూడా. మూడోసారి అడక్కుండా ఆయన నా కాళ్లు పట్టుకుని లాగేశాడు. ముక్కు కంత అంచుకి గీసుకుని చర్మం లేచింది.

ఆయన నా చేతిలోంచి టార్చి, అద్దం తీసుకుని తల లోపల పెట్టి చూశాడు. బయటికొచ్చి చాలాసేపు చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"మీరు సంతకం పెట్టేశారు కదండీ," అన్నాడు.

అవునన్నాను. ఆయన మూత చేతిలో పట్టుకుని నా మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఇప్పుడు వెళ్లి చెబితే ముద్ర పోతుంది. చెప్పకపోతే ఆ వైరుతో, లేదా నేను దొంగచాటుగా అతుకేసిన వైరుతో, విమానం పొద్దున్నే జనాన్ని ఎక్కించుకుంటుంది. ఇంత స్పష్టంగా ఉన్న లెక్కలో నాకు తోచిన ఆలోచన చెప్పమంటారా? మూడు దాకా ఆగుదామా అని. రాహుకాలం వెళ్లిపోయాక చెబితే పైవాళ్లు కాస్త మెత్తబడతారేమో అని. నిజం ఒప్పుకోవడానికి కూడా మంచి గడియ చూసుకునే హేతువాదిని నేను.

మూసెయ్యమంటారా అని ఆయన అడిగాడు. వద్దన్నాను. అప్పుడు రెండుంబావు.

మా తనిఖీల విభాగం పెద్దాయన నెమ్మదస్తుడు. నాకు ముద్ర ఇవ్వొచ్చని రాసిచ్చింది ఆయనే. కార్డు ఆయన బల్ల మీద పెట్టి, వైరు సంగతీ, ఎనిమిదో అర చూడకుండా సంతకం పెట్టిన సంగతీ, రాహుకాలంతో సహా చెప్పేశాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ముందు ఫోన్ చేసి, ఆ విమానాన్ని ఎవరూ ముట్టుకోవద్దని, రెండు రెక్కలూ వేరేవాళ్లు మళ్లీ మొదట్నుంచి చూడాలని చెప్పాడు. తర్వాత కార్డు దగ్గరికి లాక్కుని, నేను వేసిన టైం మీద వేలు పెట్టాడు.

"సంతకం పెట్టాక మళ్లీ లోపలికి ఎందుకెళ్లావయ్యా?"

ఆ అడగడంలోనే ఆయన నాకు దారి చూపించాడు. మనసొప్పక చూద్దామని వెళ్లానండీ అంటే చాలు, తొందరపాటు కింద పోతుంది, మందలించి వదిలేస్తాడు. నాకు అర్థమైంది. ఆ మాట నాలిక మీదికి కూడా వచ్చింది. ఎందుకనలేదో ఇప్పటికీ చెప్పలేను. మంచితనం వల్ల కాదని మాత్రం తెలుసు, బహుశా ముక్కు మండుతుండటం వల్ల అయ్యుంటుంది.

"అద్దం మర్చిపోయానండీ," అన్నాను.

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. నా మీద కోపం కంటే, నేను ఆ ఇంకో జవాబు చెప్పనందుకు వచ్చిన నిస్పృహే ఆయన మొహంలో ఎక్కువ కనిపించింది. చెయ్యి చాపాడు. జేబులోంచి ముద్ర తీసి ఆ చేతిలో పెట్టాను. అది మళ్లీ నా దగ్గరికి రావడానికి ఏడాదిన్నర పట్టింది. విమానం ఒకటిన్నర రోజు ఆలస్యంగా బయల్దేరింది.

ఆ సాయంత్రం బస్సులో భవానీపురం వచ్చేదాకా అమ్మను ఎలా తిట్టాలో మాటలు కూర్చుకుంటూ వచ్చాను. నీ రాహుకాలమే నా కొంప ముంచిందని మొదలుపెట్టి, కొండ నుంచి తెచ్చిన కుంకుమ మీదుగా వెళ్లి, పెసరట్టుతో ముగించేలా. బెంజి సర్కిల్ దగ్గర ట్రాఫిక్కులో ఆగినంతసేపూ దానికి మెరుగులు పెట్టాను. చాలా బాగా వచ్చింది.

ఇంట్లో అడుగుపెట్టగానే పరమాన్నం వాసన. గిన్నె బల్ల మీద ఉంది. ముక్కుకి ఏమైందిరా అని అమ్మ అడిగింది. తిట్లన్నీ మర్చిపోయి, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆవిడ నిలబడే విన్నది. విని, మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"నేను టైం చెప్పాను గానీ, చూడొద్దన్నానా నాన్నా?"

లేదమ్మా అన్నాను. కొట్టులో ఆవిడ పద్ధతి నాకు తెలియనిది కాదు. ఎంత నమ్మకమైన మగ్గం నుంచి వచ్చినా సరే, చీర ఆసాంతం విప్పి వెలుతురుకి పట్టి చూశాకే చీటీ అంటిస్తుంది. చివరి జానెడు చూడకుండా అంటించడం నేనెప్పుడూ చూడలేదు. అది ఆవిడ ఎత్తలేదు. నాకే సిగ్గేసి తల దించుకున్నాను.

ఆవిడ గిన్నె మీద మూత సర్దింది. షెడ్డులో ఎవరూ అడగని ప్రశ్న, పెద్దాయనకి కూడా అడగాలనిపించనిది, అప్పుడు అడిగింది.

"ఆ అద్దం మర్చిపోయి ఉండకపోతే?"

నాకు తెలుసు. సామాను లెక్క సరిపోయేది. ఎనిమిదో మూత నా కళ్లముందే బిగిసేది. నేను రెండో లడ్డూ తింటూ చూస్తూ నిలబడేవాణ్ని. పొద్దున్నే రెక్కల్లో ఇంధనం నింపేవాళ్లు, జనం ఎక్కి కూర్చునేవాళ్లు.

"ఎలాగోలా వెళ్లి చూసేవాణ్నిలే అమ్మా," అన్నాను.

ఆ రోజు నేను చెప్పిన రెండో అబద్ధం అది. మొదటిది కార్డు మీద ఎనిమిదో వరసలో, ముద్రతో సహా ఉంది.