గాలి తొడుగులో ముప్పావు గంట

వాచిన చేతులకూ కాళ్లకూ గాలి తొడుగులు వేయడం ఆస్పత్రిలో ఆమె ఉద్యోగం. జిప్పు లాగి మీట నొక్కితే మెషీన్ నిట్టూరుస్తుంది. ముందు పాదం దగ్గరి గాలి అర నిండుతుంది, తర్వాత పిక్క దగ్గర, ఆ పైన తొడ దగ్గర. లోపల నిలిచిపోయిన నీరు దారి గుర్తొచ్చినట్టు మెల్లగా పైకి నడుస్తుంది. ముప్పావు గంట. అంతసేపూ మంచం మీది మనిషి లేవడానికి లేదు.

ఆపరేషన్ తర్వాత కుడికాలు వాచిందంటూ ఒక పెద్దాయన వచ్చాడు. గొంతు వినగానే ఆమెకు ఒళ్లు మండింది. చిన్నప్పుడు అమ్మకు క్యారేజీ తీసుకెళ్లినప్పుడు విన్న గొంతే; అమ్మ పనిచేసిన బట్టల ఫ్యాక్టరీ ప్యాకింగ్ హాల్లో సూపర్‌వైజర్. అమ్మ కాలు వాచి, కూర్చుని చేస్తానని అడిగిన ఏడాది, "ప్యాకింగు చేతులతో కదా చేసేది" అని నవ్వి, ఉన్న కుర్చీ కూడా తీయించి తొమ్మిదేళ్లు నిలబెట్టినవాడు. ఈమె ఎవరో ఆయనకు తెలియదు.

ఒత్తిడి పెంచే మీట మీద ఆమె వేలు కాసేపు నిలిచి, వెనక్కొచ్చింది. కాలి వాపు తగ్గకపోతే వేరేచోటికి పోతాడు. పోకూడదు. అమ్మ ముందు ఆ కుర్చీ మాట ఆయనే నోరు విప్పి ఒప్పుకోవాలి.

అమ్మ కూడా వారానికోసారి అక్కడికే వస్తుంది, సాయంత్రాలు. కూతురు ఆ టైము మార్చింది. మంగళవారం పదకొండింటికి ఆయనకు తొడుగు బిగించాక, అమ్మను పక్క మంచం మీద పడుకోబెట్టి ఆమెకూ తొడుగు వేసింది.

అమ్మ ఆయన్ను చూసింది. ఆయన గోడను చూశాడు.

"కొత్తా సార్?" అంది అమ్మ, తేనె పూసినట్టు. "భయపడకండి. ఎండాకాలం వాపుకు తొడిగే బిగుతు మేజోడులో కాలు ఉడుకుతుంది, అంతే. చెప్పులు రెండు సైజులు కొనాలి. బస్సులో పిల్లలు చూస్తారు, పెద్దవాళ్లు చూడనట్టు చూస్తారు. ఇక నిలబడితేనా, సాయంత్రానికి అది మన కాలు కాదు సార్, ఎవరిదో మోస్తున్నట్టుంటుంది."

"కాస్త ఆపమ్మా," అన్నాడాయన కూతురితో.

"దేన్ని సార్, మెషీన్నా, మా అమ్మనా?"

ఆయన ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. లేవబోయాడు, తొడుగు లేవనివ్వలేదు.

"కుర్చీ తీయించింది నేనే," అన్నాడు చివరికి.

"ఎందుకు సార్?" అంది అమ్మ.

"మళ్లీ అడుగుతావో లేదో చూద్దామని."

గదిలో మెషీన్లు రెండూ ఊపిరి తీసి వదిలాయి. టైమయ్యాక కూతురు జిప్పు విప్పి, టేపుతో పిక్క కొలిచింది.

"సెంటీమీటరున్నర తగ్గింది సార్. వైద్యం బాగా పడుతోంది. వచ్చే మంగళవారం ఇదే టైము."

"వేరే టైము లేదా?"

"రండి సార్," అంది అమ్మ కళ్లు మూసుకునే. "మెట్లెక్కే సంగతి ఇంకా చెప్పనేలేదు."