ఆ వేసవి పెరట్లోకి వచ్చిన పిట్టలు

నా మొదటి బిడ్డ భద్రాచలం దవాఖానాలో పుట్టి, వారం తిరగకముందే పోయింది. ఎనభైల్లో, ఎండలు ముదురుతున్న రోజులు. కొత్తగూడెంలో పనిచేసే మా ఆయనకు సెలవు దొరకలేదు. అమ్మానాన్న నన్ను గోదావరి దాటించి, బూర్గంపాడు దగ్గర మా ఊరికి తీసుకొచ్చారు.

పలకరించడానికి వచ్చినవాళ్లు ఏదో చెప్పేవారు. వాళ్ల పెదవులు కదలడం కనిపించేది, అంతే. అందుకని పొద్దున్నే పెరట్లోకి వెళ్లి మామిడిచెట్టు కింద నులకమంచం మీద కూర్చునేదాన్ని. అమ్మ బావి పక్కన మట్టి మూకుడులో నీళ్లు పోసి పెట్టేది. మొదట గోరింకలు కొట్లాడుకుంటూ వచ్చేవి. తర్వాత పికిలిపిట్టలు. ఎండ నడినెత్తికి వచ్చాక ఒక జెముడుకాకి అరటిచెట్ల చాటు నుంచి ఎర్రటి కళ్లతో తొంగిచూసి, నడుచుకుంటూ వచ్చి తాగిపోయేది. చూసేదాన్ని. బాగున్నాయని కూడా అనిపించేది కాదు. రొమ్ములు సలిపేవి. పాలు ఇంకాలని అమ్మ మల్లెపూలు పెట్టి గుడ్డతో గట్టిగా కట్టేది. ఆ వాసన కూడా తెలిసేది కాదు.

నాన్న మాట తక్కువ మనిషి. పొలం నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటూ అడిగేవాడు.

“ఇయ్యాల ఏమేం వచ్చినయ్ బిడ్డా?”

“గోరింకలు. పికిలిపిట్టలు.”

“జెముడుకాకి రాలే?”

“వచ్చింది.”

రోజూ అదే మాట. అంతకుమించి ఆయన అడగడు, నేను చెప్పను.

ఒక మధ్యాహ్నం నాన్న తొందరగా వచ్చి నా పక్కన మంచంపట్టె మీద కూర్చున్నాడు. మూకుడు అంచున పాలపిట్ట వాలింది. ఇద్దరం కదల్లేదు. అది ఎగిరిపోయాక, అటే చూస్తూ అన్నాడు.

“నీకంటె ముందు ఒకడు పుట్టి పోయిండు. మీ అమ్మ గిట్లనే కూసునేది. ఏం మాట్లాడాల్నో తెల్వక నేను పొలంకాడనే ఉండేటోణ్ణి.”

ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు.

“అమ్మ ఏడ్చిందా?”

“నేను చూడలే బిడ్డా.”

ఏడుపొస్తుందేమోనని కాసేపు ఆగాను. రాలేదు. అమ్మ కంచంలో అన్నం కలుపుకొచ్చింది. చాలా రోజుల తర్వాత ఆమె ముఖంలోకి చూశాను. సగం తిన్నాను.

తొలకరి పడ్డాక మా ఆయన వచ్చాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఆకలిగా ఉందా అని అడిగాడు. లేదన్నాను. ఊరు దాటాక ఆయన భుజం మీద తల పెట్టి నిద్రపోయాను. కొత్తగూడెంలో దిగమని లేపేదాకా మెలకువ రాలేదు.