ఆరోగ్యవంతుల జాబితాలో ఓబులేసు

నోట్లో పెట్టుకున్న దేన్నీ తిట్టకుండా మింగే మనిషి కాడు ఓబులేసు. కువైట్‌లో, అల్ రాయ్ గ్యారేజీల దగ్గర ఒక మెస్సులో వంటవాడు. తాను కాచిన పప్పుచారునే రుచి చూసి, "థూ, దీన్ని కాసినోని చేతులిరగ!" అనేవాడు. ఖర్జూరం తియ్యగా ఉంటే, "ఇంత తీపి ఎవురడిగినారు?" మంచినీళ్లు చల్లగా ఉంటే, "పండ్లు ఊడగొట్టేదానికా?" క్రిస్మస్‌కు నర్సు రూబీ ఇచ్చిన కేకును తిట్టి, రెండో ముక్క అడిగి, దాన్నీ తిట్టాడు. అలాంటివాడితో ఎవరు వేగుతారు?

వేగింది అతని గదిలో ఉండే చిన్నపుల్లయ్య ఒక్కడే. ఆ పుల్లయ్యకు గుండె నీరసించి, కాళ్లకు నీరు దిగింది. రూబీ పనిచేసే ఆస్పత్రిలో అప్పుడొక పరిశోధన నడుస్తోంది. మామూలు గుండె మాత్రలతోబాటు చైనా వేర్లు గదికిచ్చి పంపి, రోజూ కషాయం కాచుకు తాగమని, నెలనెలా రక్తం తీసి, ఒంట్లో ఏ పదార్థం పెరిగింది, ఏది తరిగింది అని మిషను మీద చూస్తారు. డాక్టరు కాళ్లావేళ్లా పడి పుల్లయ్యను అందులో చేర్పించింది రూబీయే. షరతు ఒక్కటే. మందు ఇంకొకరు ముట్టకూడదు. ముట్టారో, పేషంటు పేరు ఖలాస్, ఉచిత మందూ ఖలాస్.

కొన్ని నెలలకు, పోల్చి చూడ్డానికి ఆరోగ్యవంతుల రక్తం కూడా కావాలన్నారు. ఓబులేసు చొక్కా చెయ్యి మడిచి ముందుకొచ్చాడు.

"తీసుకో రూబమ్మా! గుర్రం మాదిరుండా. ఏంది ఈ సూది, గోనెసంచులు కుట్టేదా?"

పది రోజులకు రిపోర్టు వచ్చింది. గుర్రం రక్తంలో చైనా వేర్ల జాడ! రూబీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇద్దర్నీ పిలిపించింది.

"సిగ్గు లేదా అండీ మీకు? గుండె జబ్బు మనిషి మందు తాగేత్తారా? ఇప్పుడు ఈయన పేరు కొట్టేత్తారు, తెలుసా?"

"ఎవురు తాగినారమ్మా వాని మందు?" ఓబులేసు అంతకు రెట్టింపు లేచాడు. "వాని గ్లాసు వానికి నిండా పోసినాక, ఆ పిప్పిలో నీళ్లు పోసి రెండోతూరి కాస్తా. అది నేను తాగుతా. పారేసే పిప్పి గూడా మీ ఆస్పత్రి సొత్తేనా?"

"పిప్పి తాగడానికి మీకేం రోగమండీ?"

ఓబులేసు గోడకేసి తిరిగి, అక్కడ తిరుగుతున్న ఫ్యానును తిట్టడం మొదలెట్టాడు.

"రోగం నాదేలే సిస్టరమ్మా," అన్నాడు పుల్లయ్య. "ఆ చేదుకు తట్టుకోలేక మొదటి దినమే సింకులో పోయబోతి. వీడు చెయ్యి పట్టుకున్యాడు. ఆపొద్దునించి నా ఎదురుగా కూచోని, వాడూ ఒక గ్లాసు తాగి, ఆ చైనావోల్లను ఏడు తరాలు తిడతాడు. నాకు నవ్వాగదు. నవ్వుతా నవ్వుతా తాగేస్తాండా."

రూబీ పుల్లయ్య రిపోర్టులు తీసి చూసింది. ఏ నెలా మందు జాడ తగ్గలేదు. అన్నీ పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లింది. అరగంట వాదించి తిరిగొచ్చింది.

"పుల్లయ్య గారి పేరు ఉంచారు. ఓబులేసు గారూ, మీ పేరు కొట్టేశారు."

"గుర్రమట్లుండే మనిషిని కొట్టేస్తారా! ఇదేం న్యాయం?"

"ఇంకోసారి ఆ పిప్పి ముట్టారో, మీ గుండెకే ఎసరొత్తాది. రేపట్నుంచి మీ గ్లాసులో పాలు లేని టీ పోసుకోండి."

"మరి తిట్లు?" పుల్లయ్య కంగారుపడ్డాడు.

రూబీ అతని మందుల చీటీ లాక్కుని, మాత్రల కింద ఒక వరస రాసింది: 'తిట్లు. పూటకొకసారి, కషాయంతో.'

ఓబులేసు చదివి భగ్గుమన్నాడు. "పూటకొకసారేనా? ఎవుడమ్మా ఈ డోసు రాసింది!"